లేబర్ షెడ్డు నీళ్ళు: ఒక ప్లంబరు ప్రాజెక్టు డైరీ

మార్చి 10, 2024, ఆదివారం

బెంగళూరు శివార్లలో, వర్తూరు నుంచి సర్జాపుర వైపు పోయే దారిలో ఒక అపార్ట్‌మెంటు లేస్తోంది. రెండు టవర్లలో పైపు పని నాది. సైటు వెనక రేకుల షెడ్లలో మూడు వందల మంది దాకా ఉంటారు. సగానికి పైగా మనవాళ్ళే. ఆదోని, కోసిగి, మంత్రాలయం పక్కల నుంచి వచ్చిన కూలీలు, కదిరి, మడకశిర నుంచి వచ్చిన మేస్త్రీలు. మిగిలినవాళ్ళు కర్ణాటకలోని యాదగిరి, బెంగాల్, ఒడిశా వాళ్ళు.

ఫిబ్రవరి నెలాఖరులో షెడ్లలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళు కూడా మంచం పట్టారు. ఆఫీసువాళ్ళు ఓఆర్ఎస్ పాకెట్లు పంచి, బయట పానీపూరీ తినొద్దని బోర్డు పెట్టారు. పానీపూరీ తినని పసిపిల్లలకు ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు.

‘నీళ్ళ దారి మొత్తం నేను చూస్తాను, నా కూలి అడగను, సామాను మాత్రం మీరు ఇప్పించండి’ అంటే ప్రాజెక్టు మేనేజరు ఒప్పుకున్నాడు. ఆ పని ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాసుకుంటున్నాను. సాటి ప్లంబర్లకు, సైటు ఇంజనీర్లకు అక్కరకొస్తే వాడుకోండి.

బెంగళూరు నీళ్ళ గోల ఈ ఏడాది అందరూ చూస్తున్నదే. పోయిన వానాకాలం సరిగ్గా పడలేదు, బోర్లు ఎండాయి. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం కావేరి నీళ్ళు తెచ్చే పథకం ఐదో దశ పనులు సాగుతున్నాయి, నీళ్ళింకా రాలేదు. అంతవరకు ఈ వైపు ట్యాంకరే దిక్కు. ఐదు కిలోమీటర్ల లోపల ఆరు వేల లీటర్లకు 600 రూపాయలు, పన్నెండు వేలకు 1000 అని జిల్లా యంత్రాంగం రేటు కట్టింది. టీవీలో ఒక రేటు, గేటు దగ్గర ఇంకో రేటు. తాగునీటిని కట్టడాలకూ కార్లు కడగడానికీ వాడితే 5000 జరిమానా అని నగరానికి నీళ్ళిచ్చే జలమండలి ప్రకటించాక, సైటుకు రెండు రకాల ట్యాంకర్లు వస్తున్నాయి. కాంక్రీటును తడిపి ఉంచే క్యూరింగుకు శుద్ధి చేసిన మురుగునీరు, షెడ్లకు బోరునీరు. రెండూ ఒకే గేటులోంచి వచ్చి, ఒకే చోట ఆగి, ఒకే పాత గొట్టంతో దిగుతున్నాయి. ఇవాళ నాకు కునుకు పట్టనివ్వనిది ఇదొక్కటే.

మార్చి 17

నీళ్ళు నడిచే దారంతా కాగితం మీద గీశాను. ట్యాంకరు, గొట్టం, పన్నెండు వేల లీటర్ల సంపు, మోటారు, షెడ్ల మీద రెండు సింటెక్స్ ట్యాంకులు, ఆరు కొళాయిలు, అక్కడి నుంచి బిందె లేదా ఇరవై లీటర్ల క్యాను, చివరికి గ్లాసు. ఎక్కడ చెడుతోందో తెలియకుండా ఎక్కడ మరమ్మతు చేస్తాం? అందుకని ప్రతి మజిలీలోనూ నమూనా పట్టాలనుకున్నాను.

వాడుతున్నది హెచ్‌టూఎస్ సీసా. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థవాళ్ళు 1982లో బయటపెట్టిన పద్ధతి. చిన్న సీసా లోపల మందు పట్టించిన కాగితం ఉంటుంది. గీత దాకా నీళ్ళు పోసి, మూత బిగించి, వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలంతో కలిసిన నీళ్ళయితే నల్లబడతాయి. ఎంత చెడిందో ఇది చెప్పదు, చెడిందా లేదా అని మాత్రం చెబుతుంది. నల్లని సీసాను చూసి వాదించేవాడు ఉండడు గనక, సైటులో దీనికి ల్యాబు రిపోర్టుకు మించిన విలువ.

ల్యాబుకు కూడా రెండు బాటిళ్ళు పంపాను. ఒకటి ట్యాంకరు నీళ్ళు, ఒకటి సైటు మూలన కొనఊపిరితో ఉన్న బోరు నీళ్ళు.

మార్చి 19

ట్యాంకరు వాల్వు దగ్గర పట్టిన సీసా తేటగా ఉంది. గొట్టం కొసన పట్టింది నల్లబడింది. సంపు నలుపు, సింటెక్స్ నలుపు, కొళాయి నలుపు, క్యాను కటిక నలుపు.

అందరూ తిట్టిపోసిన ట్యాంకరువాడి నీళ్ళు బాగానే ఉన్నాయి. చెడింది మన గేటు దాటాకే. ఆ గొట్టం మరుగుదొడ్ల వెనక బురదలో పడి ఉంటుంది. డ్రైవరు దాన్ని ఈడ్చుకొచ్చి, కొసను కాలితో సంపులోకి తోస్తాడు. పొద్దున అదే గొట్టంలో శుద్ధి చేసిన మురుగునీరు పారి ఉంటుంది. సంపు మూత నేలకు సమానంగా ఉంది, ఒక పక్క పగిలింది. షెడ్ల స్నానాల నీళ్ళు పారేది ఆ పక్కకే.

మార్చి 24

ల్యాబు రిపోర్టు వచ్చింది. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్క, 640. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 లోపుంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. ట్యాంకరు నీళ్ళలో నైట్రేటు 38, సైటు బోరులో 71. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే మన బోరులోకి పక్కనున్న మరుగుదొడ్ల ఇంకుడు గుంత నీళ్ళు దిగుతున్నాయి. రెంటికీ మధ్య పదిహేను మీటర్లైనా వదలాలని మా పనిలో అందరికీ తెలుసు. ఇక్కడ కొలిస్తే ఆరు మీటర్లు కూడా లేదు. ఇది రాతి నేల, పగులు దొరికితే ఆ పదిహేను మీటర్లు కూడా చాలవు. పైగా నైట్రేటు కాగబెడితే పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది. బోరు పైపుకు ఎర్ర రంగు కొట్టి కాళ్ళు కడుక్కోవడానికీ తట్టలు కడగడానికీ వదిలేశాం.

రిపోర్టు తీసుకుని ఆఫీసుకు వెళ్తే, వాళ్ళ మనసులో ఆర్వో ప్లాంటు ఉంది. రిబ్బను, ఫోటో, స్టీలు కొళాయిలు. మిషను మీద నాకు పగ లేదు. నైట్రేటు, ఉప్పు ఎక్కువైన నీళ్ళకు అదే మందు. కానీ ఇక్కడి జబ్బు అది కాదు. ఇలాంటి ఆర్వో మూడు బిందెలు తాగి ఒక బిందె ఇస్తుంది, మిగిలిన రెండూ కాలవలోకి. ఈ మార్చిలో ఆ లెక్క ఎవరు భరిస్తారు? వచ్చిన ఆ ఒక్క బిందెలో కూడా క్లోరిన్ జాడ ఉండదు గనక, మురికి క్యానులో పడిన క్షణం నుంచి దానికి కాపలా లేదు. సేఫ్టీ ఆఫీసరు జేబులోంచి టీడీఎస్ పెన్ను తీసి ముంచి చూపించాడు. ఆ పెన్ను ఉప్పును చూస్తుంది గానీ పురుగును చూడదు. నల్ల సీసాలు వరసగా టేబులు మీద పెట్టాక మేనేజరు కాసేపు చూసి, ‘వీటిని ఇక్కణ్ణుంచి తియ్యండి ముందు, మీ సామాను లిస్టు ఇవ్వండి’ అన్నాడు.

ఏప్రిల్ 7

గొట్టం పని అయింది. సంపు పక్కన నడుం ఎత్తున ఇనప పైపు నిలబెట్టి, సంపు లోపలికి కలిపాం. ఆ పాత గొట్టం ఇక వాడం. కొత్త గొట్టం కొక్కేనికి తగిలించి ఉంటుంది, రెండు కొసలకూ మూతలు. గొట్టాన్ని పైపుకు బిగించే కప్లింగు తాగునీటికి మూడంగుళాలది, శుద్ధి చేసిన నీటికి రెండున్నర అంగుళాలది. దాని సంపు టవరు అవతలి పక్కన వేరుగా ఉంది. నీలం, ఎరుపు రంగులు కూడా కొట్టాం కానీ నాకు రంగు మీద నమ్మకం తక్కువ. రాత్రి పదకొండుకు వచ్చే డ్రైవరు రంగు చూడడు. కప్లింగు పట్టకపోతే మాత్రం ఆగుతాడు.

సంపు చుట్టూ అడుగున్నర ఎత్తు గోడ, దాని మీద ఇనప మూత, తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. ట్యాంకరు నంబరు, ఏ ఊరి బోరు అన్నది రాసే పుస్తకం కూడా అతని దగ్గరే. ఊరు మారితే మళ్ళీ ల్యాబుకు పంపాలి.

కొళాయిల వరస స్నానాల గదులకు నాలుగడుగుల దూరంలో ఉండేది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 32వ సెక్షను ప్రకారం తాగునీటి చోటుకు, కడుక్కునే చోటుకూ మరుగుదొడ్డికీ మధ్య ఆరు మీటర్లు ఉండాలి. ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో ‘తాగునీరు’ అని రాసి ఉండాలి. ఆ పేజీ ప్రింటు తీసి ఆఫీసులో ఇచ్చాను. కొళాయిలు మార్చడానికి పైపు వెంటనే దొరికింది. తెలుగు, హిందీ, బెంగాలీ బోర్డులు మా కుర్రాళ్ళే రాశారు.

ఏప్రిల్ 9

ఉగాది. పని లేదు. షెడ్లలో పచ్చడికి మామిడికాయ దొరికింది, వేపపూత కోసం లేఅవుటు అంతా తిరిగారట.

ఏప్రిల్ 21

మరుగుదొడ్ల సంగతి. ఎనిమిది ఉన్నాయి, అందులో రెండింటికి ‘లేడీస్’ అని రాసి ఉంది. పైపు పనివాడిగా నేను చూసింది కారే ఫ్లష్ ట్యాంకులు, పగిలిన ఇన్‌స్పెక్షన్ ఛాంబరు, పొంగడానికి సిద్ధంగా ఉన్న సెప్టిక్ ట్యాంకు. వాటికి సామాను రాసుకుంటుంటే ఆదోని అక్క ఒకావిడ, షెడ్లలో అందరికీ వంట చేసే ఆవిడ, గడప దగ్గర నిలబడి, ‘అన్నా, అవన్నీ తర్వాత. ముందు గొళ్ళెం పెట్టించు’ అంది.

అడిగితే చెప్పుకుంటూ పోయింది. ‘తలుపుకి గొళ్ళెం ల్యా. రాత్రయితే ఆ దోవలో లైటు ల్యా. లోపల కొళాయి ల్యా, బకెట్టు మోసుకొని పోవాల, ఎవురు యాడికి పోతాండారో అందురికీ తెలుస్తాది. నీళ్ళు తాగితే పోవల్సొస్తాది గదా. అందుకే పొద్దుగూకే దాంకా నోరు కట్టుకుంటాం.’

ఎండలో ఇటుకలు మోసే ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండా ఉంటున్నారు. ఒంట్లో మంట, జ్వరం అని ఇద్దరు ముగ్గురు పని మానేశారని మేస్త్రీ అంటుంటే ఎండ వల్లేమో అనుకున్నాను. తాగునీటి పని ఒక పక్క, మరుగుదొడ్డి పని ఇంకో పక్క అని నేను గీసుకున్న గీత ఆవిడ మాటతో చెరిగిపోయింది. ఎంత మంచి నీళ్ళు ఇచ్చినా, వెళ్ళడానికి చోటు లేనప్పుడు ఆ నీళ్ళు వాళ్ళు తాగరు.

సామాను లిస్టు తిరగరాశాను. లోపలి నుంచి వేసుకునే గట్టి గొళ్ళేలు. ప్రతి గదిలో ఒక కొళాయి, దానికింద మగ్గు. దారి పొడుగునా బల్బులు, వాటి స్విచ్చి షెడ్ల దగ్గరే. గుడ్డలు, ప్యాడ్లు వేయడానికి మూతున్న డబ్బా. ఆడవాళ్ళ గదులు రెండు కాదు, నాలుగు. వాటి దారి మగవాళ్ళ స్నానాల ముందు నుంచి పోకూడదు. ఈ చివరిది మాత్రమే ఖర్చుతో కూడినది, రేకు గోడ ఒకటి కట్టాలి. మిగిలినవన్నీ కలిపినా ఒక ఫ్లాటులో వేసే షవరు సెట్టు ఖరీదు కాదు.

ఏప్రిల్ 28

గొళ్ళేలు, బల్బులు, కొళాయిలు అయ్యాయి. ఈ నెలంతా నగరంలో చుక్క వాన లేదు. టవర్ల పని మీద పడి మిగతాది కదల్లేదు.

మే 12

రేపు ఆంధ్రలో పోలింగు. నిన్నటి నుంచి షెడ్లు ఖాళీ. బస్సుల్లో నిలబడటానికి చోటు లేదట, లారీ ఎక్కి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఇంతకన్నా మంచి అదను దొరకదు. వాడకం తక్కువున్నప్పుడే సంపు కడగాలి.

మూత ముందు రోజే తీసి ఉంచి, పొద్దున బ్లోయరు పెట్టి గాలి ఆడించి, నడుముకు తాడుతో ఒకరు దిగారు, పైన ఇద్దరు. మంచినీళ్ళ సంపే కదా అని చులకన చేయకూడదు, మూసిన గదిలో గాలి ఎప్పుడు చెడుతుందో చెప్పలేం. అడుగున నాలుగు వేళ్ళ మందం బురద. అందులో చెప్పు, బీడీకట్టలు, ఒక బొమ్మ కారు. గోడలు బ్రష్షుతో రుద్ది, బ్లీచింగు నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు బయటికి తోడేశాం. సింటెక్స్‌లు కూడా అంతే.

సెప్టిక్ ట్యాంకు దగ్గర చిన్న గొడవ జరిగింది. సబ్ కాంట్రాక్టరు దానికి హనీసక్కర్, అంటే మురుగు తోడే లారీ, ఎందుకు, దండగ అన్నాడు. ‘మనోళ్ళే ఇద్దరున్నారు, రాత్రికి రాత్రి బకెట్లతో తోడేస్తారు, మందుకు డబ్బులిస్తే చాలు.’ ఆ మనోళ్ళు ఎవరో నాకు తెలుసు. ఈ నగరంలో వీధులూడ్చే పౌరకార్మికుల్లో ఎందరి ఇళ్ళలో తెలుగు మాట్లాడతారో, వాళ్ళు ఏ పేటల నుంచి వచ్చారో ఇక్కడ బతికే తెలుగువాళ్ళందరికీ తెలుసు, పైకి అనరంతే. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. మురుగులో దిగి మనిషి చనిపోతే ఇవ్వాల్సిన పరిహారాన్ని పోయిన అక్టోబరులో సుప్రీంకోర్టు పది లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ఆ అంకె చెప్పాక సబ్ కాంట్రాక్టరుకు లారీ బాడుగ చవగ్గా కనిపించింది. అంకె చెప్పకపోతే ఏమయ్యేదో ఊహించుకోవడం నాకిష్టం లేదు.

లారీ వచ్చింది, తోడింది, పోయింది. ట్యాంకు లోపల మధ్యగోడ పగిలి ఉంది. అందుకే గట్టి పదార్థం అడుగున నిలవకుండా నేరుగా ఇంకుడు గుంతలోకి పోయి దాని రంధ్రాలు మూసేసింది. ఇద్దరు ముగ్గురుండే ఇంటి ట్యాంకైతే రెండు మూడేళ్ళకోసారి తోడితే సరిపోతుంది. మూడు వందల మంది వాడే ట్యాంకుకు ఆ లెక్క పనికిరాదు. ప్రతి రెండు నెలలకూ లారీ రావాలని ఆఫీసు క్యాలెండరులో రాయించాను. కొత్త గుంత తవ్వాలి, బోరుకు అవతలి పక్కన.

మే 19

జనం తిరిగొచ్చారు. క్లోరిన్ మొదలుపెట్టాం.

పద్ధతి ఇదీ. మంచి బ్లీచింగ్ పౌడరులో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. నిండు సంపుకు ముప్ఫై గ్రాములు. పౌడరును నేరుగా సంపులో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్టులో ముందు ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుగుకు దిగేదాకా పది నిమిషాలు ఆగి, పైన తేరిన నీళ్ళు మాత్రం సంపులో పోయాలి. తర్వాత అరగంట, వీలైతే గంట, కొళాయి తిప్పకూడదు. ఆ తర్వాత చిట్టచివరి కొళాయి దగ్గర పట్టిన నీళ్ళలో, క్లోరిన్‌ను చూపే మందు ఒక చుక్క వేసి చూస్తే పసుపు రావాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములు అక్కడ మిగిలి ఉండాలి. దగ్గరి కొళాయిలో చూసి సంతోషపడితే లాభం లేదు.

మార్చిలో పాత సంపులో ఇదే ముప్ఫై గ్రాములు వేసి చూశాను, రంగే రాలేదు. రెట్టింపు వేస్తే ఏదో లేత చాయ. వేసిన క్లోరిన్ అంతా ఆ బురదకే సరిపోయింది. ఇవాళ కడిగిన సంపులో ముప్ఫైకే చివరి కొళాయిలో 0.2 నిలిచింది. వాసన ఎవరూ కనిపెట్టలేదు. ఇంకో సంగతి, సంచి విప్పి ఎండలో పెట్టిన పౌడరు వారాల్లో చచ్చిపోతుంది. చిన్న పాకెట్లు తెచ్చి, బిగుతు మూత డబ్బాలో, నీడన.

రోజూ ఇది చేసేదెవరన్నది అసలు చిక్కు. నేను ఉండను, వాచ్‌మన్లు నెలకొకరు మారతారు. ఆదోని అక్కకు అప్పజెప్పాం. చదువు రాదు, కానీ రంగు పోల్చడంలో నాకన్నా నిక్కచ్చి. పౌడరు కొలతకు మాత్ర డబ్బా మూత ఒకటి తూకం వేసి ఇచ్చాను, గీత దాకా నింపితే ముప్ఫై. చార్టులో ఏ గడి రంగు వచ్చిందో పుస్తకంలో ఆ గడిలో చుక్క పెడుతుంది. దీనికి రోజుకో గంట కూలి రాయించమని మేనేజరును అడిగితే, ఊరికే చేసే సేవ కదా అన్నాడు. సేవ అయితే వర్షం రోజు ఆగుతుంది, కూలి అయితే ఆగదు అన్నాను. రాశారు.

మే 26

కొళాయి సీసాలు తేట. క్యాన్లూ బిందెలూ సగం నలుపు.

షెడ్డు షెడ్డుకూ వెళ్ళి చూశాను. కొందరు దూరంగా ఉన్న నీటి ఘటకం నుంచి, అంటే బిళ్ళ వేస్తే శుద్ధి చేసిన నీళ్ళిచ్చే చోటు నుంచి, ఇంకా నీళ్ళు తెచ్చుకుంటున్నారు, మన కొళాయిని నమ్మక. వాళ్ళ క్యాన్లకు లోపల పచ్చగా పాచి. బిందెల్లో పిల్లలు మోచేతి దాకా గ్లాసు ముంచుతున్నారు. దీనికి కొత్త కనిపెట్టుడేమీ అక్కర్లేదు, మన అవ్వలు కడవలో ముంచడానికి పొడుగు కాడ గరిటె వాడేవాళ్ళు. బిందెకొకటి చొప్పున కొనిపించాం, తగిలించడానికి గోడకు మేకుతో సహా. క్యాన్లకు కింద కొళాయి బిగించే పని మా కుర్రాళ్ళది, రంధ్రం వేసి వాషరు పెడితే అయిపోతుంది. ఆదివారం ఆదివారం క్యాన్లు కడిగే చోట అక్క బ్లీచింగు నీళ్ళ బకెట్టు పెడుతుంది. గరిటెలు కొన్ని అప్పుడే చారు గుండిగల్లో తేలాయి. అయినా పర్లేదు, ఇంకొన్ని కొందాం.

జూన్ 3

నిన్న బెంగళూరులో 111.1 మిల్లీమీటర్ల వాన. జూన్ నెలలో ఒక్కరోజులో ఇంత కురవడం 133 ఏళ్ళలో ఇదే మొదలట. 1891 నాటి 101.6 రికార్డు పోయింది. రెండు నెలలు చుక్క కోసం చూసి, ఇప్పుడు షెడ్లలో మోకాలి లోతు.

పాత ఇంకుడు గుంత పొంగింది. కొత్తది సగమే తవ్వి ఉంది, చెరువైంది. మరుగుదొడ్ల వెనక నీళ్ళు సంపు గోడ దాకా వచ్చి, అరడుగు కింద ఆగాయి. మార్చిలో ఉన్న పగిలిన మూతే ఇప్పుడూ ఉండుంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. అయినా తాగునీరు ఆపించి, సంపుకు మామూలు కొలతకు రెట్టింపు వేయించి, గంటన్నర తర్వాత వదిలాం. అక్క చుక్క చార్టులో రెండు గడులు పైకి వెళ్ళింది. వాసన వస్తోందని బెంగాలీ కుర్రాళ్ళు గునిశారు.

జూన్ 9

వాన తర్వాత పట్టిన సీసాలు చూశాను. సంపు, సింటెక్స్, చివరి కొళాయి తేట. బిందెలు మూడింట ఒకటి నలుపు. మార్చితో పోలిస్తే ఇది పెద్ద మెట్టే. షెడ్లలో విరేచనాలు పూర్తిగా పోలేదు, ఈ వారం కూడా ఒక పిల్లకు వచ్చింది. ఆ ఇంటి బిందె నల్లబడినవాటిలో ఉంది. అక్క వాళ్ళమ్మతో మాట్లాడింది.

మిగిలిన పని: కొత్త గుంతలో నీళ్ళు తోడి, రాయి నింపి మూయాలి. సెప్టిక్ ట్యాంకు మధ్యగోడ కట్టాలి, లారీ తోడిన మరునాడే, మనిషి దిగకుండా పై నుంచి పలకలు దించి. జులైలో స్లాబు పని అయ్యాక కూలీల కాంట్రాక్టరు మారతాడంటున్నారు. అక్క ఈ సైటులో ఉండకపోవచ్చు. ఆవిడ దగ్గర యాదగిరి అమ్మాయి ఒకతె నేర్చుకుంటోంది, వచ్చే వారం కొలత తనే వేస్తుంది, నేను పక్కన నిలబడి చూస్తాను. టవరు రెండు వెనక ఇంకో వంద మందికి కొత్త షెడ్లు వేస్తున్నారు. పునాది పోయకముందే కొళాయిల గీత, మరుగుదొడ్ల గీత నేనే గీసిస్తానని ఆఫీసులో చెప్పి వచ్చాను. టేపు తీసుకుని బుధవారం వెళ్ళాలి.